హద్దులు చెప్పే స్పానిష్ మాటలు

స్పానిష్‌లో పలకరించడం, ధర అడగడం, దారి అడగడం మీకు ఇప్పటికే వచ్చు. కాని "ఇంతవరకే", "ఇక చాలు" అనడం రాకపోతే ఎదుటివారు ఏమన్నా తల ఊపవలసి వస్తుంది. అందుచేత ఈ భాగంలో హద్దులకు సంబంధించిన మాటలు తెలుసుకుందాం. ఉచ్చారణ లాటిన్ అమెరికా పద్ధతిలో ఇచ్చాం.

మనకు పొలానికి గట్టు, ఊరికి పొలిమేర, దేశానికి సరిహద్దు ఉన్నట్లే స్పానిష్‌లోనూ వేరువేరు మాటలున్నాయి. పొలాల మధ్య హద్దు 'లిందె'. వేగానికి, ఖర్చుకు, ఓపికకు ఉండే పరిమితి 'లీమితె'. ఈ రెండూ 'లీమెస్' అనే ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. మొదటిది జనం నోట అరిగి రూపు మారింది, రెండవది చదువుకున్నవారు లాటిన్ నుంచి మళ్లీ తెచ్చుకున్నది. మన తద్భవ, తత్సమాల వంటి జంట అన్నమాట.

దేశాల సరిహద్దు 'ఫ్రొంతేరా'. దక్షిణ స్పెయిన్‌లో హెరేస్ దె లా ఫ్రొంతేరా, ఆర్కోస్ దె లా ఫ్రొంతేరా అనే ఊళ్లున్నాయి. ఒకప్పుడు కాస్తీల్, గ్రనాడా రాజ్యాల సరిహద్దు ఆ ప్రాంతం మీదుగా సాగేది. 1492లో గ్రనాడా లొంగిపోవడంతో సరిహద్దు పోయింది, పేరు మిగిలింది. 'రాయా' అంటే గీత. సుమారు 1,200 కిలోమీటర్ల స్పెయిన్-పోర్చుగల్ సరిహద్దుకూ అదే పేరు. హద్దు మీరి ప్రవర్తించడాన్ని 'పసార్సె దె లా రాయా' అంటారు.

ఇక 'అస్తా'. దీనిమీద కొంచెం నిలబడాలి. రాసేటప్పుడు ముందు ఒక హకారం ఉంటుంది, పలకకూడదు. దీని అర్థం 'వరకు'. అరబ్బీ 'హత్తా' నుంచి వచ్చింది. (మన 'హద్దు' కూడా అరబ్బీదే, కాని అది వేరే మాట.) 'అస్తా అకీ' అంటే ఇక్కడివరకే. 'అస్తా మన్యానా' అంటే రేపు కలుద్దాం. 'అస్తా లోస్ నీన్యోస్' అన్నచోట మాత్రం 'పిల్లలు సైతం' అని అర్థం.

ఇక్కడ ఒక చిక్కుంది. 'లా తియేందా ఆబ్రె అస్తా లాస్ దియేస్' అన్న వాక్యాన్ని స్పెయిన్‌లో వింటే, దుకాణం పదింటివరకు తెరిచి ఉంటుందని అర్థం చేసుకుంటారు. మెక్సికోలో చాలామందికి అదే వాక్యం పదింటికి గాని తెరవరని చెబుతుంది. మందుల దుకాణం వేళ అడిగినప్పుడు ఈ తేడా చిన్నదేమీ కాదు. అనుమానముంటే 'ఆబ్రె' (తెరుస్తుంది), 'సియేర్రా' (మూస్తుంది) అనే రెండు క్రియలతో విడివిడిగా అడగండి.

వద్దనడానికి 'నో, గ్రాసియాస్' చాలు, మర్యాదగానూ ఉంటుంది. 'బాస్తా' అంటే 'ఇక చాలు'. గట్టిమాట, భోజనం దగ్గర వడ్డించేవారితో అనదగినది కాదు. అలసిపోయినప్పుడు 'యా నో పుయేదో మాస్', అంటే 'ఇక నావల్ల కాదు', అనండి.

పాఠ్యగత ప్రశ్నలు
1. పొలం గట్టు తగాదాలో 'లిందె', 'ఫ్రొంతేరా'లలో ఏది వాడతారు? ఎందుకు?
2. "బ్యాంకు పదింటికి గాని తెరవరు" అని స్పెయిన్‌లో చెప్పడానికి పై వాక్యంలో 'నో' ఎక్కడ చేర్చాలి?