పది రూపాయల బిళ్ల.. పద్నాలుగు రూపాలు
స్మారక ముద్రలతో చిరువ్యాపారులకు చిక్కు

తెనాలి, బాపట్ల, రేపల్లె: 'ఈ బిళ్ల చెల్లదు. నోటుంటే ఇవ్వండి'. 2016 తర్వాత కొన్నేళ్లపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బజార్లలో తరచూ వినిపించిన మాట ఇది. పది రూపాయల నాణెం రద్దయిందని, కొన్ని రకాలు నకిలీవని వదంతులు వ్యాపించాయి. చట్టప్రకారం చెల్లే డబ్బు చేతిలో ఉన్నా సరకు కొనలేని పరిస్థితి ఏర్పడింది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడటంతో తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు వేరైనా ఈ మూడు పట్టణాల మధ్య జనం రాకపోకలు, వ్యాపారం మాత్రం ఒక్కటే. తెనాలిలో తీసుకున్న చిల్లర బాపట్లలో టీ కొట్టు వద్ద, రేపల్లెలో ఆటో ఎక్కినప్పుడు చెల్లాలి. ఆ నమ్మకం సడలడానికి దొంగనాణేల భయం ఒక కారణం. ఒకే విలువకు ప్రభుత్వమే అనేక ముద్రలు తీసుకురావడం మరో కారణం. మహనీయుల జయంతులు, సంస్థల ఉత్సవాల గుర్తుగా వేసే స్మారక నాణేలను నిత్య చలామణిలోకి వదలవచ్చా అనే ప్రశ్న ఇక్కడే తలెత్తుతోంది.

ఎందుకీ గందరగోళం?

నాణేలు ముద్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. వాటిని ప్రజలకు చేర్చే బాధ్యత రిజర్వు బ్యాంకుది. హైదరాబాద్ శివారులోని చర్లపల్లితో పాటు ముంబయి, కోల్‌కతా, నోయిడాల్లోని టంకశాలల్లో ఇవి తయారవుతాయి.

రెండు లోహాల పది రూపాయల నాణెం 2009లో చలామణిలోకి వచ్చింది. వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు 7.71 గ్రాములు. 2011లో దీనిపై కొత్తగా రూపాయి చిహ్నం చేరింది. దీంతో చిహ్నం ఉన్నవి, లేనివి కలిసి తిరగడం మొదలైంది. కొన్నింటిపై పది గీతలు, మరికొన్నింటిపై పదిహేను గీతలు కనిపించాయి. వీటికి తోడు హోమీ భాభా శతజయంతి, రిజర్వు బ్యాంకు ప్లాటినం జూబ్లీ, పార్లమెంటు అరవై ఏళ్ల పండుగ, వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవం, కాయిర్ బోర్డు అరవై వసంతాలు, అంబేడ్కర్ 125వ జయంతి, అంతర్జాతీయ యోగా దినోత్సవం.. ఇలా ఒక్కో సందర్భానికి ఒక్కో ముద్ర వెలువడింది.

'పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ' అన్న ప్రచారానికి ఇదే ఊతమిచ్చింది. చివరకు 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ప్రకటన చేయాల్సి వచ్చింది. అప్పటి వరకు పది రూపాయల నాణేలు 14 రూపాల్లో వెలువడ్డాయని, అన్నీ చెల్లుతాయని స్పష్టం చేసింది. సందేహ నివృత్తికి 14440 నంబరును కూడా అందుబాటులోకి తెచ్చింది.

చట్టం ఏమంటోంది?

2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన విలువ గల నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకు చెల్లుతాయి. అంటే పది రూపాయల బిళ్లలు వంద వరకు ఇవ్వవచ్చు. ఖాతాదారులు బ్యాంకులో జమ చేసే నాణేలకు పరిమితి లేదు. వందేసి చొప్పున సంచుల్లో కట్టి తెస్తే లెక్కింపు సులువవుతుందని రిజర్వు బ్యాంకు సూచించింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా నష్టం మాత్రం చిరువ్యాపారులదే. పూలమ్మే మహిళ రోజంతా తీసుకున్న బిళ్లలను మర్నాడు సరకు ఇచ్చే టోకు వ్యాపారి కాదంటే ఆమె పెట్టుబడి అక్కడే ఆగిపోతుంది. బ్యాంకుకు వెళ్లాలంటే ఒక పూట బేరం పోతుంది. కాబట్టి ముందుజాగ్రత్తగా ఆమె కూడా బిళ్ల తీసుకోవడం మానేస్తుంది. వదంతి బలపడేది ఇలాగే.

గౌరవానికి వేరే దారి

స్మారక నాణేలు మన దేశానికి కొత్త కాదు. నెహ్రూ మరణానంతరం 1964లో ఆయన చిత్రంతో రూపాయి, అర్ధరూపాయి నాణేలు వచ్చాయి. చదువు రాని ఇంటికి సైతం దేశ చరిత్రను చేర్చగల సాధనం నాణెమన్నది వీటిని సమర్థించేవారి వాదన. ఏ ఖర్చూ లేకుండా పిల్లలకు నాణేల సేకరణపై ఆసక్తి కలుగుతుందన్నదీ కాదనలేనిదే.

అయితే చలామణితో పని లేకుండానే స్మరించుకునే మార్గం ఒకటుంది. ఎన్టీఆర్ శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వంద రూపాయల నాణేన్ని విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వ్యాసం గల ఈ నాణెంలో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెల్, జింకు. అభిమానులు ముఖవిలువను మించిన ధర చెల్లించి కొని దాచుకున్నారు. దాన్ని ఎవరూ దుకాణానికి తీసుకెళ్లరు కాబట్టి చెల్లుతుందా లేదా అన్న వివాదానికి తావు లేదు.

2022 జూన్ 6న ప్రధాని మోదీ విడుదల చేసిన అమృత మహోత్సవ నాణేలది ఇందుకు భిన్నమైన పద్ధతి. రూపాయి నుంచి ఇరవై రూపాయల వరకు వచ్చిన ఈ వరుస స్మారక నాణేలు కావని, నిత్య వాడకానికేనని ప్రభుత్వం ముందే ప్రకటించింది.

ఇతర దేశాల్లో..

అమెరికా 1999 నుంచి 2008 వరకు ఏటా ఐదు చొప్పున 50 రాష్ట్రాల పేరిట పావు డాలరు నాణేలు తెచ్చింది. ఒకవైపు వాషింగ్టన్ బొమ్మ మాత్రం మారలేదు. ఏ ఏడాది ఏ రాష్ట్రం వంతో ప్రజలకు ముందే తెలుసు. ఐరోపాలో యూరో వాడే ప్రతి దేశం ఏడాదికి రెండు స్మారక రెండు యూరోల నాణేలకు మించి తీసుకురాకూడదు. విలువ తెలిపే వైపు అన్ని దేశాలకూ ఒక్కటే. ఆ ఒక్క వైపు చూస్తే చాలు, వ్యాపారికి నాణెం విలువ తెలిసిపోతుంది.

మన నాణేల్లో ఈ సౌలభ్యం లేదు. సాధారణ పది రూపాయల బిళ్లపై గీతల కింద పెద్దగా కనిపించే అంకె, స్మారక నాణెంపై సింహాల గుర్తు కిందకు చేరింది. గుర్తుపట్టాల్సిన ఆనవాలే చోటు మారితే సామాన్యుడు తడబడటం సహజం.

చేయాల్సిందేమిటి?

స్మారక నాణేలను పూర్తిగా ఆపనక్కర్లేదు. విలువ తెలిపే వైపును స్థిరంగా ఉంచి, ఏడాదికి ఇన్నేనని హద్దు పెడితే చిక్కు చాలావరకు తీరుతుంది. కొత్త ముద్ర వెలువడినప్పుడు ఢిల్లీలో సభ జరుగుతుంది గానీ దాని నమూనా కూరల మార్కెట్ వరకు రాదు. బ్యాంకు శాఖల్లో, బస్టాండ్లలో, రైతుబజార్లలో చెల్లుబాటయ్యే నాణేల చిత్రాలను ప్రదర్శించడం పెద్ద ఖర్చు కాదు.

ఏ టంకశాలదో తెలుసుకోండిలా..

నాణెంపై సంవత్సరం కింద చూడాలి.
* నక్షత్రం గుర్తు: హైదరాబాద్
* వజ్రం ఆకారం: ముంబయి
* గుండ్రని చుక్క: నోయిడా
* ఏ గుర్తూ లేకుంటే: కోల్‌కతా

ముద్ర ఏదైనా, గీతలు ఎన్నైనా, రూపాయి చిహ్నం ఉన్నా లేకున్నా ప్రభుత్వం విడుదల చేసిన పది రూపాయల నాణెం చెల్లుతుంది. అనుమానం ఉంటే బ్యాంకులో అడిగి తెలుసుకోవాలే తప్ప, ఎదుటివారు వద్దన్నారని తామూ తిప్పి పంపితే పోయేది తోటి చిరువ్యాపారి పది రూపాయలే.