భవనాల లోపల స్థాననిర్ణయం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఫోనులో జీపీఎస్ ఉంటే ఆసుపత్రి లోపలైనా, భూగర్భ స్టేషన్‌లోనైనా మనిషి ఎక్కడున్నదీ తెలిసిపోతుంది.

వాస్తవం: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి నేలకు చేరేసరికే జీపీఎస్ సంకేతం ఎంతో బలహీనపడుతుంది. కాంక్రీటు శ్లాబులను దాటి లోపలికి వచ్చే కొద్దిపాటి సంకేతం కూడా తరచుగా గోడల మీద పరావర్తనం చెందినదే కనుక దూరం తప్పుగా లెక్కకు వస్తుంది. వైఫై, బ్లూటూత్ వంటి వైర్‌లెస్ సాధనాలతో స్థానం కనుగొనే పరిశోధన అందుకే మొదలైంది.

అపోహ: వైఫై సంకేతం ఎంత బలంగా ఉంటే రౌటరు అంత దగ్గరున్నట్టే.

వాస్తవం: గదుల్లో ఒకే సంకేతం కొంత నేరుగానూ, కొంత గోడలనూ ఇనుప బీరువాలనూ తాకి వేర్వేరు దారుల్లోనూ వస్తుంది. బహుమార్గ ప్రసరణ అనే ఈ స్థితిలో తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, మరొకచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లే గనుక ఫోను జానెడు జరిగినా కొలత మారిపోవచ్చు. మనిషి దేహంలోని నీరు కూడా ఈ తరంగాలను పీల్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో పరమ్‌వీర్ బహల్, వెంకట పద్మనాభన్ 2000లో ప్రచురించిన ‘రాడార్’ పరిశోధన ఈ చిక్కును దాచకుండా ఎదుర్కొంది: ఒక అంతస్తులో చోటుచోటునా సంకేత బలాలను, కొలిచే వ్యక్తి ఏ దిక్కుకు తిరిగి ఉన్నదీ సహా, ముందే నమోదుచేసి, కొత్త కొలతను వాటితో పోల్చి స్థానాన్ని 2–3 మీటర్ల మధ్యస్థ దోషంతో చెప్పగలిగింది. వేలిముద్ర పద్ధతిగా పేరుపడిన ఈ మార్గానికి అదే పునాది.

అపోహ: సంకేత బలాలను నమోదుచేసిన అలాంటి రేడియో పటాన్ని ఒకసారి తయారు చేస్తే చాలు.

వాస్తవం: రౌటరును మార్చినా, బీరువాలను జరిపినా, జనం గుమిగూడినా పటం పాతబడుతుంది.

అపోహ: అల్ట్రా వైడ్‌బ్యాండ్ రాకతో సమస్య పూర్తిగా తీరింది.

వాస్తవం: ఈ సాంకేతికత సంకేత బలాన్ని కాక ప్రయాణ కాలాన్ని కొలుస్తుంది; రేడియో తరంగం నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు సాగుతుంది. దీని పల్సులు అతి చిన్నవి గనుక నేరుగా వచ్చినదాన్ని పరావర్తనం నుంచి వేరుచేయవచ్చు. అయితే నేరు దారికి లోహం అడ్డుపడితే దూరం ఎక్కువగా తేలుతుంది, పైగా స్థిర పరికరాలను భవనమంతటా అమర్చక తప్పదు.

2014లో బెర్లిన్‌లో జరిగిన మైక్రోసాఫ్ట్ వారి భవనాంతర స్థాననిర్ణయ పోటీలో 22 విధానాలను ఒకే కొత్త స్థలంలో పరీక్షించగా, సొంత పరికరాలు అమర్చిన వాటిలో ఉత్తమమైనది సగటున 0.72 మీటర్ల దోషాన్ని, అమర్చని వాటిలో ఉత్తమమైనది 1.6 మీటర్ల దోషాన్ని చూపాయి. ఏ భవనంలో, ఎన్ని పరికరాలతో, ఎంత జన సంచారంలో కొలిచారో చెప్పని కచ్చితత్వపు అంకెను నమ్మి ఏ ఆసుపత్రి గానీ గిడ్డంగి గానీ ఇలాంటి వ్యవస్థను కొనరాదు.