జత లెక్కలు: ఏ పరీక్ష యెప్పుడు తగును?

క్రొత్త పద్ధతివలన చెఱకు దిగుబడి హెచ్చునని యొకరు చెప్పగానే అప్పు దెచ్చి పెట్టుబడి పెట్టుట క్షేమము గాదు. వినక త్రోసివేయుటయు తగదు. లెక్క చూచి తేల్చుకొనవలయును.

1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప బోధను ప్రాంతమున చెఱకు సేద్యము విస్తరించెను. 1937లో నెలకొన్న నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడుటచే చెఱకును దూరపు మిల్లులకు తోలవలసివచ్చెను. ఇట్టి రైతునకు ఎకరమునకు రెండు టన్నుల భేదము చిన్నమాట గాదు.

పదిమంది రైతులు తమ మడిని చెరిసగము చేసి, ఒక సగమున చాళ్ల యెడము పెంచియు, రెండవ సగమున పాత యెడముననే యుంచియు నాటిరనుకొందము. ఏ సగమునకు ఏ పద్ధతియో బొమ్మా బొరుసా వేసి నిర్ణయింపవలయును. లేనిచో మంచి సగమును క్రొత్త పద్ధతికే యిచ్చుట మనుష్య స్వభావము.

ఒకరి నల్లరేగడిలో 45 టన్నులు, వేరొకరి చల్కలో 25 టన్నులు పండవచ్చును. క్రొత్తవి పదియు ఒక గుంపుగను, పాతవి పదియు వేరొక గుంపుగను చూచినచో, భూముల భేదములో పద్ధతి భేదము మునిగిపోవును. కావున ఏ రైతు లెక్క ఆ రైతునకే తీసివేసి, మిగిలిన పది భేదములనే పరీక్షింపవలయును. అవి టన్నులలో 3, 2, 4, 2, 5, 1, 3, 2, 4 హెచ్చు, ఒకచోట 1 తగ్గు అనుకొందము. సగటు రెండున్నర టన్నుల హెచ్చు.

మొదటిది గుర్తుల పరీక్ష. పదింట తొమ్మిది హెచ్చు. పద్ధతిలో మహిమ లేనిచో, పదిమార్లు నాణెమెగురవేయగా తొమ్మిదియో పదియో ఒకే వైపు పడినట్లు. అట్లు జరుగుట 1024 విధములలో 22 మాత్రమే, అనగా నూటికి రెండు. కేవలము అదృష్టమనుట కష్టము.

రెండవది జత టి-పరీక్ష. డబ్లిను నగరపు గిన్నెస్ సారాయి కర్మాగారమున పనిచేసిన గాసెట్ 1908లో ‘స్టూడెంటు’ అను మారుపేరుతో దీనికి మూలమైన పద్ధతిని ప్రకటించెను. సగటు భేదమును దాని అంచనా దోషముచే భాగింపగా మన లెక్కలో 4.6 వచ్చును, పది జతలకు 2.26 మించిన చాలును. భేదములు సగటు చుట్టును సమముగా చేరియున్నప్పుడే యిది తగును.

ఒక మడి నీట మునిగి భేదము విపరీతమైనచో విల్కాక్సన్ 1945లో చెప్పిన వరుసల పరీక్ష మేలు. ఇందు భేదములను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసపెట్టి, హెచ్చుల స్థానములను, తగ్గుల స్థానములను వేర్వేరుగా కూడుదురు.

ఒకే రైతులను నాటుటకు ముందును, కోసిన పిదపను “ఈ పద్ధతి నచ్చినదా?” యని యడిగినచో మెక్‌నెమార్ పరీక్ష (1947) తగును, మాట మార్చినవారినే అది లెక్కించును. మూడు పద్ధతులను ఒకే మడిలో పోల్చినచో ఫ్రీడ్‌మన్ పరీక్ష (1937) వాడవలయును.

నిరుటి పంటను ఈ యేటి పంటతో పోల్చి పద్ధతికి ఘనత కట్టరాదు. వానయు కాలువనీరును మారియుండును. భేదము నిజమని తేలినను, రెండున్నర టన్నుల వెల అదనపు ఖర్చును మించునా యని చూడవలయును.

కావున సభ్యులు రెండు సగముల చెఱకును వేర్వేరుగా తూయించి, కాటా చీటీలను విడివిడిగా భద్రపరుపవలయును. కలిపి తూచిన పిదప ఏ పరీక్షయు వానిని విడదీయజాలదు.