నాడులకు వ్యాధి - కాలేయమునకు మందు

1952వ సంవత్సరములో పోర్చుగల్ దేశపు వైద్యుడు కొరీనో డి అంద్రాడె ఒక నాడీవ్యాధిని సవిస్తరముగా వర్ణించెను. ఆ దేశపు ఉత్తర తీరమునందలి కొన్ని కుటుంబములలో ఇది తరతరములుగా కనిపించుచుండెను. నడివయస్సు రాకముందే రోగి పాదములకు వేడియు చలియు తెలియకపోవును. తిమ్మిరి, బలహీనత క్రమముగా పైకి ప్రాకును. తుదకు నడక పోవును; గుండె కూడ చెడవచ్చును. తల్లికి గాని తండ్రికి గాని ఈ జన్యుదోషమున్నచో, ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము సగము.

ఇందుకు కారణమేమి? మన కాలేయము ట్రాన్స్‌థైరెటిన్ అను మాంసకృత్తును తయారుచేసి రక్తములోనికి పంపును. థైరాయిడ్ గ్రంథి రసమును, ఎ విటమినును మోయుట దాని పని. నాలుగు భాగములు కలిసినగాని ఇది పూర్తికాదు. జన్యువులో దోషమున్నప్పుడు ఆ భాగములు సులభముగా విడిపోయి, ముడుతలు తప్పి, సన్నని పోగులుగా మారి నాడులలోను గుండెలోను పేరుకొనును. అనగా హాని జరుగునది నాడులలో. దాని మూలము కాలేయములో. కావుననే 1990 నుండి కాలేయమును మార్చి చికిత్స చేయుచు వచ్చిరి. కాని దాత దొరకుట కష్టము, శస్త్రచికిత్స పెద్దది.

కాలేయమును తీసివేయక, అందులోని ఒక్క ఉత్తరువును మాత్రము ఆపవచ్చునా? జన్యువునందలి ఉత్తరువును వార్తావహ ఆర్.ఎన్.ఏ. మోసికొని పోవును. రెండు పేటల ఆర్.ఎన్.ఏ. తనకు సరిపోలిన వార్తను నశింపజేయగలదని 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగులో నిరూపించిరి. వారికి 2006లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈ ఆర్.ఎన్.ఏ.ను ఊరక రక్తములోనికి ఎక్కించినచో ఎంజైములు దానిని ముక్కలు చేయును. మూత్రపిండములు వెలుపలికి పంపివేయును. దానికి ఋణ విద్యుదావేశ ముండుటచే జీవకణపు పొరను దాటలేదు. అందువలన దానిని నాలుగు రకముల కొవ్వు పదార్థములతో చేసిన నానోరేణువులో పొదుగుదురు. మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో ఒక భాగము 100 నానోమీటర్లు. ఈ రేణువు అంతకు మించదు.

రక్తములో కొవ్వును మోయు అపోలిపోప్రోటీన్-ఇ ఈ రేణువునకు అంటుకొనును. కాలేయ కణములు దానిని తమకు రావలసిన కొవ్వు మూటగా ఎంచి లోనికి తీసికొనును. లోపలి తిత్తిలో ఆమ్లత పెరుగగానే ఒకరకపు కొవ్వు ధనావేశము పొంది, ఋణావేశముగల తిత్తి గోడతో కలిసి దానిని ఛేదించును. అంతట ఆర్.ఎన్.ఏ. బయటపడి తన పని చేయును.

ఈ విధముగా తయారైన పాటిసిరాన్ అను మందునకు 2018లో అమెరికా, ఐరోపాలలో అనుమతి లభించినది. 225 మంది రోగులపై 18 నెలలు జరిగిన పరీక్షలో, మందు పొందినవారి రక్తములో ఆ మాంసకృత్తు సుమారు నూటికి 80 వంతులు తగ్గినది. ఉత్తుత్తి మందు పొందినవారి నాడులు మరింత క్షీణింపగా, వీరి స్థితి సగటున నిలకడగా ఉండి, కొంత మెరుగుపడినది కూడ. మందును మూడు వారముల కొకసారి నరములోనికి ఎక్కింతురు. ఎ విటమినును మోయు మాంసకృత్తు తగ్గును గనుక ఆ విటమినును విడిగా ఇత్తురు. ఇది జన్యుదోషమును పోగొట్టదు. దాని ఫలితమును అణచియుంచును.

ఆల్జీమర్ వంటి మెదడు వ్యాధులకు ఇదే రేణువు పనికిరాదా అని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మెదడులోని రక్తకేశనాళికల గోడలయందు జీవకణములు సందులేకుండ కూడియుండి, అనేక పదార్థములను లోనికి పోనీయవు. రక్తములో ఎక్కించిన రంగు మెదడునకు అంటకపోవుటను పాల్ ఎర్లిక్ 1885లోనే ప్రకటించెను. పై రేణువు కాలేయమునకే చేరును. మెదడునకు ఇనుమును చేర్చు వాహకముల ద్వారా మందును పంపుటకు శాస్త్రజ్ఞులు ఇప్పుడు ప్రయత్నించుచున్నారు. మందు ఎంత గొప్పదైనను, చేరవలసిన చోటికి చేరినప్పుడే అది మందు.