తుమ్ము - క్షణికమైన నొప్పి

పిల్లలు తుమ్మితే పెద్దలు 'చిరంజీవ' అని దీవిస్తారు. ప్రయాణానికి బయలుదేరినవారు తుమ్ము వినబడితే కాసేపు ఆగుతారు. శకునాల మాట ఎట్లున్నా, తుమ్ము శరీరానికి రక్షణనిచ్చే చర్య. అయితే తుమ్మిన క్షణంలో కొందరికి వీపులోనో, పక్కటెముకల నడుమనో, నడుములోనో చురుక్కుమని నొప్పి పుట్టి, అంతలోనే మాయమవుతుంది. దీనికి కారణమేమి?

ధూళికణాలు ముక్కులోని సున్నితమైన పొరను తాకగానే, ఆ సమాచారం నాడుల ద్వారా మెదడు దిగువనున్న మజ్జాముఖానికి చేరుతుంది. వెంటనే మనిషి గాఢంగా శ్వాస పీల్చుకుంటాడు. ఛాతీ, ఉదర కండరాలు ఒక్కుమ్మడిగా బిగుసుకొంటాయి. లోపల ఒత్తిడి పెరిగి, గాలి వేగంగా వెలువడుతుంది. ఈ కుదుపులో శరీరంలోని బలహీన స్థానం బయటపడుతుంది. అనగా, చాలా సందర్భాలలో తుమ్ము నొప్పిని సృష్టించదు. దాగిన నొప్పిని తెలియజేస్తుంది.

బరువులెత్తినవారికి, ఎడతెగని దగ్గుతో బాధపడేవారికి కండరాలు బెణికి ఉండవచ్చు. పక్కటెముకలను రొమ్ముటెముకతో కలిపే మృదులాస్థి వాచి ఉండవచ్చు. వెన్నుపూసల నడుమనుండే డిస్కు జారి నాడిని ఒత్తితే, నొప్పి నడుము నుండి కాలిలోనికి పాకుతుంది. గజ్జలలో ఉబ్బు కనబడితే అది హెర్నియా కావచ్చు. ఎముకలు గుల్లబారిన వృద్ధులలో తుమ్ము వలననే వెన్నుపూస విరిగే ప్రమాదం కూడ ఉన్నది.

పొదిలి ప్రాంతంలో ఈ విషయానికి మరొక కోణమున్నది. నెల్లూరు జిల్లా గ్రామాలలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వైద్య పరిశోధకులు 1937లో వివరించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నాడు ఆ జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఫ్లోరైడు అధికంగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి త్రాగితే కీళ్లు పట్టివేస్తాయి, వెన్ను వంగే గుణాన్ని కోల్పోతుంది. అట్టివారికి చిన్న కుదుపు కూడ బాధ కలిగించవచ్చు.

ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశమున్నది. ప్రతి నడుము నొప్పికీ నీటినే నిందిస్తే, చికిత్సతో నయమయ్యే డిస్కు వ్యాధి ముదురుతుంది. ముసలితనమని సరిపెట్టుకొంటే, బావినీటి పరీక్ష ఎన్నటికీ జరగదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నీటిని కాచి చల్లార్చినంత మాత్రాన ఫ్లోరైడు తొలగదు.

ముక్కు, నోరు గట్టిగా మూసి తుమ్మును అణచరాదు. ఆ ఒత్తిడి చెవులకు, గొంతుకు హాని చేయగలదు. నడుము నొప్పి ఉన్నవారు ముందుకు వంగక, బల్లపై చేయి ఆనించి, మోచేతిని అడ్డుపెట్టుకొని తుమ్మడం మేలు.

ఒకటి రెండు రోజులలో తగ్గే నొప్పికి భయపడనక్కరలేదు. నొప్పి మళ్లీ మళ్లీ వచ్చినా, కాలు తిమ్మిరెక్కినా వైద్యుని సంప్రదించాలి. ఛాతీనొప్పి వీడకపోయినా, ఊపిరి ఆడకపోయినా, కాలు బలం తప్పినా, మూత్రంపై అదుపు తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. క్షణకాలపు నొప్పి శరీరం చేసే హెచ్చరిక కావచ్చు. దానిని వినడమే వివేకం.