చిక్కుడు పందిరిపై పేనుబంక

శీతకాలమున పెరటి పందిరిపై చిక్కుడు విరగబూచి, లేతపిందెలు వ్రేలాడు వేళ, తీగ చివుళ్లయందును పూగుత్తులయందును నల్లనువ్వులు అద్దినట్లు గుంపుగా అంటుకొని రసమును పీల్చు పేనుబంకను ఎరుగని గృహిణి యుండదు. దీని సంతానవృద్ధి విస్మయావహము: మన ఉష్ణదేశములలో ఆడుపురుగు మగదాని సంపర్కము లేకయే, గ్రుడ్లు పెట్టక, నేరుగా పిల్లలనే కనును, ఆ పిల్లలును వారము పదిదినములలో తల్లులగును. నాలుగు పురుగులే గదా యని ఉపేక్షించినచో, పక్షము తిరుగునప్పటికి చివుళ్లు ముడుచుకొని పూత రాలిపోవును.

పీల్చిన రసములో మిగులు చక్కెరను ఇది జిగురుగా విసర్జించును. ఆ జిగురుపై మసివంటి బూజు పెరిగి ఆకును కప్పివేయగా, ఆ తీపికై చీమలు బారులు తీరును. చీమలు పాదును కొరుకుటలేదని వానిని నిర్దోషులుగా విడిచిపెట్టరాదు; ఏలయన పేనుబంకను భక్షింపవచ్చు అక్షింతల పురుగులను తరిమికొట్టు కావలివాండ్రు అవియే. కావున పందిరి గుంజలకును పాదు మొదటికిని గుడ్డపీలిక చుట్టి, దానిపై గ్రీజు పూసి, చీమల దారి కట్టుటయే చికిత్సయందు ప్రథమాంగమని నా అభిప్రాయము.

ఎర్రని వీపుపై నల్లచుక్కలుగల అక్షింతల పురుగును పిల్లలు సైతము గుర్తింతురు గాని, నల్లగా, పొడుగుగా, గరుకుగా నుండు దాని పిల్లపురుగును చీడయని నలిపివేయువారే అధికము; పేనుబంకను తినుటలో అదియు తల్లికి తీసిపోదు. కాలిఫోర్నియా నారింజతోటలను పొలుసుపురుగు ఎండగట్టుచుండగా, 1888లో ఆస్ట్రేలియాకు వెళ్లిన ఆల్బర్ట్ కోబెలె పంపిన ఈ జాతి పురుగులే కొలదికాలములో వానిని కాపాడెను.

చీడ స్వల్పముగా నున్నపుడు ఉదయమున నీటిధారతో చివుళ్లు కడిగి, మిక్కిలి పట్టిన కొనలను త్రుంచివేసిన చాలును. తగ్గనిచో, ఏబది గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడకట్టి, రవంత సబ్బునీరు కలిపి, ఎండకు వేపసారము చెడును గనుక మరునాటి సాయంకాలమున ఆకుల అడుగు తడియునట్లు పిచికారీ చేయవలెను. యూరియా అతిగా వేయుట ఈ పురుగును పిలిచి విందుపెట్టుటయే. పిచికారీకి ముందు ఆకు త్రిప్పి చూడగా, ఉబ్బి గోధుమవన్నెతో బిగుసుకొనిన పేనుబంక కనబడెనేని, దానిలో చిన్న కందిరీగ పెరుగుచున్నదని ఎరిగి, ఆ ఆకును త్రుంపక, ఆ వారము మందు మానుట మేలు.