సీఎన్‌సీలో కొలత తెలిసినవారిదే కొలువు

కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ మిషన్ నేర్చుకుందామని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ప్రోగ్రామింగ్ గురించే. జీ00 అంటే టూల్ గాలిలో వేగంగా జరగడం, జీ01 అంటే కోస్తూ నేరుగా వెళ్లడం. ఇలాంటి కోడ్‌లు త్వరగానే వచ్చేస్తాయి. సైజు పట్టడం చేతికి రావాలంటే మాత్రం నెలల తరబడి సాధన చేయాలి. ఎందుకో అంకెల్లో చూద్దాం.

0.021 మిల్లీమీటర్లు

25 మి.మీ. షాఫ్ట్ డ్రాయింగ్‌లో కొలత పక్కన చిన్న హెచ్, 7 ఉన్నాయనుకుందాం. అంటే షాఫ్ట్ 25.000 దాటకూడదు, 24.979 కంటే తగ్గకూడదు. మొత్తం వెసులుబాటు 21 మైక్రాన్లే. మామూలు వెర్నియర్ చదవగలిగే కనిష్ఠ కొలతే 0.02 మి.మీ. కాబట్టి ఇక్కడ అది చాలదు, మైక్రోమీటరు పట్టాల్సిందే. దానికి తోడు వేడి ఒకటి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మిషన్ మీద కోసిన ఉక్కు ముక్క, అంటే జాబ్, అంతకంటే 30 డిగ్రీలు వేడిగా ఉంటే, 25 మి.మీ. వ్యాసం 8, 9 మైక్రాన్లు పెరుగుతుంది. వేడి మీద కొలిచి ఓకే అన్న జాబ్ చల్లారాక తేడా చూపిస్తుంది.

మైనస్ 0.040

మొదటి జాబ్‌ను శుభ్రంగా తుడిచి, చల్లారనిచ్చి కొలిస్తే 25.030 వచ్చిందనుకుందాం. మిషన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టర్ గురి మధ్య సైజు 24.990 మీద ఉంటుంది. వ్యాసాన్ని సరిదిద్దే టూల్ ఎక్స్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 0.040 కొట్టి, ఫినిషింగ్ కట్ మళ్లీ నడిపిస్తాడు. తొందరపడి 0.400 కొడితే షాఫ్ట్ 24.630కి దిగిపోతుంది. ఎక్కువున్న లోహాన్ని మళ్లీ కోయవచ్చు. ఎక్కువ కోసేస్తే ఆ జాబ్ స్క్రాపే. కాబట్టి బటన్ నొక్కేముందు గుర్తునూ చుక్కనూ మరోసారి చూసుకునే అలవాటు మొదటి రోజు నుంచే రావాలి.

1273 చుట్లు

కటింగ్ స్పీడ్ నిమిషానికి 100 మీటర్లు, వ్యాసం 25 మి.మీ. అయితే స్పిండిల్ ఎంత వేగంతో తిరగాలి? 100ను 1000తో గుణించి, 3.1416, 25ల లబ్ధంతో భాగించాలి. నిమిషానికి 1273 చుట్లు. చుట్టుకు 0.2 మి.మీ. చొప్పున టూల్ జరిగితే, 100 మి.మీ. పొడవు కోయడానికి దాదాపు 24 సెకన్లు పడుతుంది. ఇదంతా పదో తరగతి లెక్కే. ఈ లెక్క సొంతంగా వేయగలిగినవారే ఆపరేటర్ నుంచి సెట్టర్‌గా, ప్రోగ్రామర్‌గా ఎదుగుతారు.

2 ఏళ్లు, 4 ఏళ్లు

ఐటీఐల్లో టర్నర్, మెషినిస్టు ట్రేడ్‌లు 2 ఏళ్లు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీలో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా 4 ఏళ్లు. రెండింటికీ పదో తరగతి చదువు చాలు. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయడం ఎంతో మేలు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి.

ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చేరేవారు మూడు ప్రశ్నలు అడగాలి. ఒక్కో మిషన్‌కు ఎంతమంది? సిమ్యులేటర్ మీదే కాక లోహం మీద ఎన్ని గంటలు? డ్రాయింగ్ చదవడం నుంచి టూల్ సెట్టింగ్, చివరి కొలత దాకా ఒక జాబ్ పూర్తిగా మా చేత చేయిస్తారా? మూడో ప్రశ్నకు అవునని చెప్పలేని చోట ఫీజు కట్టకండి.